ఎద్దూ తనే, రైతూ తనే: స్ట్రాంగ్‌మ్యాన్ బతుకు లెక్క

"మామా, 510 కిలోలు!" అంటూ మా అక్క కొడుకు ఫోను తెచ్చి నా టీ గ్లాసుకి అడ్డం పెట్టాడు. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడి ఉన్నాం. తెర మీద ఐస్‌లాండ్ మనిషి హాఫ్థోర్ బ్యోర్న్‌సన్, 6 అడుగుల 9 అంగుళాల నిలువు. 2025 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇనుప కడ్డీని నేల మీంచి తొడల దాకా లేపి నిటారుగా నిలబడ్డాడు. పది సిమెంటు బస్తాలు, వాటి మీద పది కిలోల బియ్యం సంచి వేసినంత బరువు. ఆ వీడియో వాడు అప్పటికి ఎన్నిసార్లు చూశాడో! "దీన్నే పనిగా పెట్టుకుంటే బతకొచ్చా మామా?" అన్నాడు.

వాడు డిగ్రీ రెండో ఏడాది. పొద్దున్నే జిమ్‌కి పోతాడు, అక్కడ అందరికంటే ఎక్కువ బరువు లేపేది తనేనంట. నవ్వుతాలుకి అడిగింది కాదు. నేనూ ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నలో నాలుగైదు ముడులున్నాయి, ఒక్కోటి విప్పితే గానీ అసలు సంగతి తేలదు.

ఇనుము ఒకటే, ఆటలు నాలుగు

బరువెత్తే వాళ్లందరినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. నిజానికి వెయిట్‌లిఫ్టింగ్ వేరు. అందులో రెండే ఎత్తులు: స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. రెండింటిలోనూ బరువు తల మీదికి పోవాల్సిందే. 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలతో కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. పవర్‌లిఫ్టింగ్‌లో మూడు: స్క్వాట్ (భుజాల మీద కడ్డీతో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీంచి పైకి తోయడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి తొడల దాకా లేపడం, వీడియోలో బ్యోర్న్‌సన్ చేసింది ఇదే). ఇది ఒలింపిక్స్‌లో లేదు. బాడీబిల్డింగ్‌లో ఎంత ఎత్తావని ఎవరూ అడగరు, కండ ఎలా కనబడుతోందన్నదే చూస్తారు.

నాలుగోది స్ట్రాంగ్‌మ్యాన్. ఇందులో ఏం ఎత్తాలో ముందే రాసిపెట్టిన శాశ్వత జాబితా లేదు. ఒక ఏడాది దుంగ, ఇంకో ఏడాది పీపా, ఇంకోసారి కారు. నిర్వాహకుడి బుర్రలో ఏది పుడితే అది. ప్రేక్షకుడికి మజా అంతా అందులోనే ఉంది. ఆటగాడికి మాత్రం తలనొప్పి. అడుగు లోతు గుంటలో నీళ్లు తోడటం నేర్చుకున్నవాణ్ణి తీసుకెళ్లి బావి దగ్గర నిలబెట్టినట్టు ఉంటుంది.

ఇక్కడే ఇంకో గందరగోళం కూడా ఉంది. గిన్నిస్ రికార్డు వేరు, పోటీ వేరు. 2025లో సూరత్‌కి చెందిన విస్పీ ఖరాడీ రెండు పెద్ద స్తంభాలు పడిపోకుండా గొలుసులతో 2 నిమిషాల 10.75 సెకన్లు పట్టుకుని నిలబడ్డ వీడియో దేశమంతా తిరిగింది. అది గట్టి పనే, సందేహం లేదు. కానీ ఒక పని ఎంచుకుని, ఏడాది సాధన చేసి, ఒకరోజు చేసి చూపించడం రికార్డు. తనకు చేతకాని పనులు కూడా కలిసిన అయిదారు పరీక్షల్లో పక్కవాడితో తలపడటం పోటీ.

గుండు ఎత్తడం మనకు కొత్తేం కాదు

రాయలసీమలో తిరునాళ్లకు, ఉగాదికి గుండు ఎత్తే పోటీలు, ఇరుసు ఎత్తే పోటీలు, ఇసుక మూట మోసే పోటీలు పెట్టే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రచ్చబండ పక్కన నున్నటి గుండు పడి ఉంటే దాన్ని భుజం దాటించి వెనక్కి వేసినవాడే మొనగాడు. చిత్తూరు జిల్లాకి ఆనుకుని ఉన్న తమిళ ఊళ్లలో దాన్ని ఇళవట్టకల్లు అంటారు. ఆ రాయి ఎత్తినవాడికే పిల్లనిచ్చేవాళ్లని చెప్పుకుంటారు.

ఐస్‌లాండ్‌లోనూ అంతే. అక్కడ జూపాలోన్సాందుర్ అనే సముద్రపు ఒడ్డున నాలుగు రాళ్లున్నాయి: 154, 100, 54, 23 కిలోలు. చేపల పడవ మీద పని కావాలంటే కనీసం 54 కిలోల రాయిని నడుము ఎత్తు అరుగు మీద పెట్టగలగాలి. పెట్టలేనివాడు ఇంటికి పోవాల్సిందే. అంటే బలమే ఉద్యోగ పరీక్ష. మావాడు అడిగిన ప్రశ్నకి ఆ కాలంలో అవునని ఒక్క మాటలో జవాబు ఉండేది!

మన దగ్గర బలాన్ని బతుకుతెరువుగా మార్చుకున్న పెద్దమనిషి కోడి రామ్మూర్తి నాయుడు. శ్రీకాకుళం వైపు వీరఘట్టం ఆయనది. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. కలియుగ భీముడని పేరు. ఆయనకు అన్నం పెట్టింది పోటీ కాదు, సర్కస్. టికెట్ కొన్న జనం. ఈ సంగతి గుర్తుంచుకోండి, డబ్బు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పటి రూపం 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైంది. టీవీ కోసం పుట్టిన పోటీ అది: వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్. క్రీడా సంఘం కాకుండా టీవీ దాన్ని కనడం వల్లే ఈ ఆటకు ఇప్పటికీ ఒక గట్టి తల్లి సంఘం లేదు. ఒలింపిక్స్ ఊసు అసలే లేదు.

మైదానంలో ఏం జరుగుతుంది

గుండుతోనే మొదలుపెడదాం. ఇప్పటి పోటీల్లో అవి కాంక్రీటు గుండ్లు, అట్లాస్ స్టోన్స్ అంటారు. అయిదు వరుసగా ఉంటాయి. మొదటిది సుమారు 100 కిలోలు, చివరిది 160 నుంచి 200 దాకా పోతుంది. ఒక్కోదాన్ని ఛాతీ ఎత్తు దిమ్మె మీద పెట్టాలి. గుండుకి పిడి ఉండదు, పట్టు దొరకదు. అందుకే ముంజేతులకి పైన్ చెట్టు జిగురు పట్టిస్తారు. కాళ్లు వెడల్పుగా పెట్టి, వంగి, చేతులు గుండు కిందకి జొనిపి, మొదట ఒడిలోకి లాక్కుంటారు. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్నట్టు క్షణంసేపు కూర్చుంటారు. తర్వాత దాన్ని ఛాతీకి హత్తుకుని ఒక్కసారిగా నడుము ముందుకి తోసి లేస్తారు. చూసేవాళ్లకి చేతుల బలం అనిపిస్తుంది. ఎత్తేది మాత్రం నడుమూ తొడలే. జిగురుతో పాటు ముంజేతి వెంట్రుకలు, అప్పుడప్పుడు తోలు కూడా గుండుకి అంటుకుని పోతాయి.

యోక్ అనేది ఉంది. ఇనుప చట్రాన్ని మెడ వెనక భుజాల మీద పెట్టుకుని 20 మీటర్లు నడవాలి. ఆడికృత్తికకు కావడి భుజాన వేసుకుని పోయేవాళ్లని చూసిన మనకి ఆ నడక కొత్త కాదు. కాకపోతే ఆ కావడి 400 కిలోల పైనే ఉంటుంది. బరువు కంటే దాని ఊపే ప్రాణం తీస్తుంది. ఒక అడుగు తప్పితే చట్రం ఒకవైపు, మనిషి ఒకవైపు.

ఇక అందరూ అడిగేది బస్సు లాగడం గురించి. పది టన్నుల బస్సును లాగాడంటే పది టన్నులు ఎత్తినట్టు కాదు. చక్రాలున్న బండిని చదును రోడ్డు మీద కదిలించడానికి దాని బరువులో నూటికి ఒక వంతు లాగుడు సరిపోతుంది, కాస్త అటూ ఇటూ. అంటే 10,000 కిలోల బస్సుకి సుమారు 100 కిలోల బలం. మొదట కదిలించేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ. ఇప్పుడు అదే బస్సును అలిపిరి దగ్గర ఎత్తు మొదలయ్యే చోట పెట్టండి. నూరు మీటర్లకి అయిదు మీటర్లు లేచే వాలు అనుకుందాం. ఆ వాలు ఒక్కటే బస్సును 500 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. మొత్తం 600. అక్కడ ఏ ఛాంపియనూ దాన్ని అంగుళం కదిలించలేడు. ఈసారి ఎవరైనా బస్సు లాగుతున్న వీడియో కనబడితే బస్సును కాకుండా రోడ్డును చూడండి.

గెలిచినవాడు ఓడిపోయే పాయింట్ల లెక్క

ఫైనల్లో పది మంది ఉంటే ఒక్కో పరీక్షలో మొదటివాడికి 10, రెండోవాడికి 9, అలా చివరివాడికి 1. అసలు ఎత్తలేకపోతే సున్నా. ఇద్దరు రెండో స్థానంలో సమానంగా నిలిస్తే 9, 8 కలిపి చెరి సగం, 8.5.

గుండన్న, ఇరుసన్న అని ఇద్దరిని ఊహించుకుందాం. గుండన్నకి డెడ్‌లిఫ్ట్‌లో, దుంగను తల మీదికి లేపడంలో, గుండ్లలో తిరుగులేదు. మూడూ గెలిచాడు, 30 పాయింట్లు. కానీ పరుగు అతనికి పడదు. బస్సు లాగుడులో ఆరోవాడు, 5. యోక్‌లో తొమ్మిదోవాడు, 2. చేతులు చాచి బరువు పట్టుకునే పరీక్షలో సున్నా. మొత్తం 37. ఇరుసన్న ఒక్కటీ గెలవలేదు. మూడు, రెండు, నాలుగు, మూడు, అయిదు, రెండు స్థానాలు. 8, 9, 7, 8, 6, 9 కలిపితే 47. కప్పు ఇరుసన్నది.

510 కిలోలు ఎత్తినవాడు ఆ ఏడాది ప్రపంచ బలశాలి ఎందుకు కాలేదని మావాడు అడిగిన దానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. 2025 టైటిల్ గెలిచింది దక్షిణాఫ్రికాకు చెందిన రేనో నెల్. ఆఫ్రికా ఖండం నుంచి ఆ టైటిల్ గెలిచిన తొలి మనిషి. చదువుకి ఎలక్ట్రికల్ ఇంజినీరు.

రికార్డు ఎక్కడ చేసినా రికార్డేనా

2016లో ఎడ్డీ హాల్ అనే స్ట్రాంగ్‌మ్యాన్ ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో డెడ్‌లిఫ్ట్‌లో 500 కిలోలు ఎత్తాడు. ముక్కు వెంట రక్తం కారింది, కాసేపు కళ్లు కనబడలేదని తర్వాత చెప్పాడు. 2020 మేలో, కరోనా మూసివేతల మధ్య, బ్యోర్న్‌సన్ ఐస్‌లాండ్‌లో సొంత జిమ్‌లో 501 ఎత్తాడు. గొడవ మొదలైంది. ఒక వర్గం వాదన: పోటీలో సమయం మన చేతిలో ఉండదు, ముందు చేసిన పరీక్షల అలసట ఉంటుంది, అది లేకుండా ఇంట్లో ఎత్తితే ఎలా లెక్కేస్తాం? రెండో వర్గం వాదన: రెఫరీ ఉన్నాడు, బరువులు తూచారు, ప్రపంచం ప్రత్యక్షంగా చూసింది, కిలో కిలోయే. నా మట్టుకు నాకు మొదటి వాదనే గట్టిగా కనబడుతుంది. అయితే ఆ ఏడాది మైదానాలే మూతపడ్డాయన్నదీ మరవకూడదు. చివరికి ఇద్దరూ 2022లో దుబాయ్‌లో బాక్సింగ్ బరిలో తలపడ్డారు, బ్యోర్న్‌సన్ గెలిచాడు. రికార్డు తగువును బ్యోర్న్‌సన్ 2025లో తేల్చేశాడు, మొదట 505తో, తర్వాత 510తో. రెండూ జనం ముందు, పోటీల్లోనే.

ఇంకో మెలిక. స్ట్రాంగ్‌మ్యాన్ డెడ్‌లిఫ్ట్‌లో మణికట్టుకి పట్టీలు కట్టుకోవచ్చు, కడ్డీని తొడల మీద ఆనించి మెల్లగా ఈడ్చుకోవచ్చు. పవర్‌లిఫ్టింగ్‌లో రెండూ తప్పే. కాబట్టి ఆ అంకెను ఈ అంకెతో పోల్చకూడదు.

డబ్బు ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది

మనవైపు ఎడ్ల బండలాగుడు పోటీల్లో ప్రైజు రైతుకి పోతుంది, మేత ఖర్చూ రైతే పెట్టుకుంటాడు. స్ట్రాంగ్‌మ్యాన్‌లో ఎద్దూ తనే, రైతూ తనే.

మేత నుంచే లెక్క చూద్దాం. పెద్ద ఆటగాళ్లు రోజుకి 8,000 కేలరీలు, అంతకు పైన కూడా తింటారు. తిరుపతి అంగట్లో దొరికేవాటితో సుమారుగా కట్టాను: 12 గుడ్లు, 800 గ్రాముల బియ్యం, కిలో చికెన్, 2 లీటర్ల పాలు, 200 గ్రాముల శనక్కాయలు, 6 అరటిపళ్లు, 50 గ్రాముల నూనె. అన్నీ కలిపి దాదాపు 8,500 కేలరీలు. గుడ్డు 7 రూపాయలు, బియ్యం కిలో 60, చికెన్ 250, పాలు లీటరు 70 వేసుకుంటే రోజుకి 600 రూపాయలు దగ్గరదగ్గర. నెలకి 18,000. ఇందులో ప్రోటీన్ పౌడరు లేదు, జిమ్ ఫీజు లేదు, ఫిజియోథెరపీ లేదు, ప్రయాణం లేదు. చిన్న ప్రైవేటు ఉద్యోగంలో చేరినవాడి జీతం వంటింట్లోనే అయిపోతుంది.

వచ్చేవైపు చూస్తే, ప్రపంచ పోటీలో ఇటీవలి ఏళ్లలో మొత్తం పాతిక, ముప్పై మందికే చోటు. ఏడాదికి ఒకసారి. ప్రైజు మనీ మీద బతికేవాళ్లు అందులోనూ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మిగతావాళ్లు బతికేది పోటీ చుట్టూ అల్లుకున్న పనుల మీద. ఎడ్డీ హాల్ లారీ మెకానిక్‌గా పనిచేస్తూ పైకొచ్చాడు. నాలుగుసార్లు గెలిచిన బ్రయన్ షా యూట్యూబ్ చానెల్ పెట్టి, చివరికి తన పేరుతో పోటీయే నడిపాడు. అయిదుసార్లు గెలిచిన పోలండ్ మనిషి మారియుష్ పుజియనోవ్‌స్కీ ఫైటింగ్ బరిలోకి మారాడు. బ్యోర్న్‌సన్‌ని జనం ముందు గుర్తుపట్టింది టీవీ సీరియల్‌లో వేషం వల్ల. మార్క్ ఫెలిక్స్ అనే ఆయన గోడలకి ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ. యాభై దాటాక కూడా ప్రపంచ స్థాయిలో పోటీ చేశాడు.

కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ గుడారం దగ్గరికే మళ్లీ వచ్చాం చూడండి. బలం లోపలికి పోవడానికి టికెట్ మాత్రమే. లోపల అన్నం పెట్టేది జనం.

తిరుపతి కుర్రాడికి మెట్లు ఎక్కడున్నాయి

ఇక్కడ మాట కొంచెం చేదుగా ఉంటుంది. వెయిట్‌లిఫ్టింగ్‌కి నిచ్చెన ఉంది: జిల్లా, రాష్ట్రం, జాతీయం, తర్వాత స్పోర్ట్స్ కోటా. మల్లీశ్వరికి ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు గుర్తించిన ఆటల జాబితాలో పవర్‌లిఫ్టింగ్, బాడీబిల్డింగ్ కూడా ఉన్నాయి. స్ట్రాంగ్‌మ్యాన్ లేదు. రైల్వేలో ఉద్యోగం ఆశించి ఈ ఆటలోకి దిగినవాడు తప్పు బస్సు ఎక్కినట్టే.

అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు. చెక్క దుంగ ఆకారపు లోహపు గొట్టం, యోక్ చట్రం వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. లారీ పాత టైర్లకి రేణిగుంట రోడ్డులో కొదవ లేదు. గుండు పోసుకోవడానికి సిమెంటు, ఇసుక, గుండ్రటి అచ్చు చాలు. బయటి దేశాల్లో 80, 90, 105 కిలోల లోపు తరగతులు ఉన్నాయి. కాబట్టి ఆరున్నర అడుగులు లేనివాడికీ చోటుంది. బుర్కినా ఫాసో దేశంలోనూ ఈ ఆటకు నిచ్చెన లేదు. అక్కడి కుర్రాడొకడు చదువుకోవడానికి కెనడా పోయి, అక్కడి జిమ్‌లో తన బలం కనిపెట్టుకున్నాడు. ఐరన్ బిబీ అని పేరు. 2021లో దుంగను 229 కిలోలతో తల మీదికి లేపి ప్రపంచ రికార్డు పెట్టాడు. కాకపోతే అతను చదువుకోసం వెళ్లాడన్నది మావాడి చెవిలో రెండుసార్లు వేశాను.

దామలచెరువు మామిడి మండీలో ఒక హమాలీ పెద్దాయనకి 510 కిలోల వీడియో చూపించాను. పూర్తిగా చూశాడు. "ఒకసారి ఎత్తితే ఏముంది సామీ, సాయంత్రం దాకా ఎత్తాల" అని ఫోను తిరిగిచ్చాడు. తోతాపురి సీజన్‌లో ఆయన రోజంతా మోసే బరువు కలిపితే బ్యోర్న్‌సన్ కూడా నీరసపడతాడు. అది వేరే బలం. ఒక్క క్షణంలో పిండగలిగే బలానికి, పొద్దంతా నిలిచే ఓపికకి కండరం పనిచేసే తీరే వేరు. పెద్దాయన చెప్పింది శాస్త్రమే.

ఒంటికి పడే బిల్లు

యోన్ పాల్ సిగ్మార్సన్ నాలుగుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచాడు. 1993లో, 32 ఏళ్లకే, తన జిమ్‌లో బరువు ఎత్తుతూ చనిపోయాడు. ఈ ఒక్క ఉదాహరణతో ఆటనే తప్పుబట్టేవాళ్లున్నారు. మార్క్ ఫెలిక్స్‌ని చూపించి ఏమీ కాదనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చెరో మనిషిని పట్టుకుని మాట్లాడుతున్నారు. ఖాయంగా చెప్పగలిగేది ఇంతే: 150 నుంచి 200 కిలోల ఒంటిని మోయడం, అది కండ అయినా సరే, గుండెకి అదనపు పనే. బీపీ పెరుగుతుంది. మెడ లావెక్కి నిద్రలో ఊపిరి ఆగడం ఈ ఆటగాళ్లలో మామూలు, చాలామంది మూతికి మాస్కు మిషను పెట్టుకునే పడుకుంటారు. టైరు తిప్పేటప్పుడు, గుండు ఎత్తేటప్పుడు ముంజేయి వంచి లాగితే దండ కండరం తెగుతుంది. మోచేయి మడిచి ఎత్తొద్దని కోచ్‌లు అరిచేది అందుకే.

స్టెరాయిడ్ల సంగతి దాచాల్సిన పనిలేదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో పోటీ లేని రోజున కూడా ఇంటి తలుపు తట్టి మూత్రం నమూనా తీసుకుపోతారు. స్ట్రాంగ్‌మ్యాన్ పెద్ద పోటీలు ఎక్కువ భాగం ఆ చట్రానికి బయటే ఉన్నాయి. పెద్దవాళ్లు తెలిసి తీసుకునే నిర్ణయం కాబట్టి మనకెందుకు అంటారు కొందరు. పరీక్ష లేకపోతే, తీసుకోని కుర్రాడు తీసుకున్నవాడితో తలపడాల్సి వస్తుంది, అది స్వేచ్ఛ ఎలా అవుతుంది అంటారు ఇంకొందరు. రెండో మాటకి ఇంతవరకు నేను సరైన జవాబు వినలేదు.

ఆదివారం మావాడు నన్ను తన జిమ్‌కి తీసుకుపోయాడు. వెనక రేకుల షెడ్డులో వాళ్లే పోసుకున్న కాంక్రీటు గుండు ఉంది, 90 కిలోలంట. ఒకవైపు అచ్చు అతుకు గీత కనబడుతోంది. జిగురు లేదు, చేతులకి సుద్దపొడి రాసుకున్నాడు. మొదటిసారి జారింది. రెండోసారి ఒడిలోకి వచ్చింది, అక్కడే కూర్చుండిపోయాడు, మొహం ఎర్రగా. మూడోసారి లేచాడు. దిమ్మె మీద పెట్టినప్పుడు ముంజేతి మీద జానెడు తోలు గీరుకుపోయి ఉంది. "అమ్మకి చెప్పద్దు మామా" అన్నాడు ముందు. తర్వాత నవ్వాడు.

వచ్చేటప్పుడు దారిలో గుడ్ల అంగడి దగ్గర బండి ఆపమని, ట్రే ఎంతని అడిగాడు. ట్రేలో 30 గుడ్లు. నా లెక్క ప్రకారం రెండున్నర రోజులు.